ఎక్కడికీ వెళ్ళని వంతెన

పెద్ద పార్సిలు ఓడెక్కిందని కబురొచ్చిన వారానికి
షావుకారు లారీ మాట్లాడేవాడు.
ఏడాదికి అదొక్కటే రోజు,
మిగతావన్నీ దారపు ఉండలే.

సీతారాంపురం నుంచి పేరుపాలెం దాకా
లారీ వెనక నలభైమంది ఆడవాళ్ళు,
వాళ్ళ ఒళ్ళో మేము,
మా ఒళ్ళో పులిహోర గిన్నెలు.
డ్రైవరు పక్క సీటు మాత్రం ఏ ఏడైనా దీవెనమ్మత్తదే,
మోకాళ్ళ నొప్పులట.
మొగల్తూరు దాటాక పెదాలు నాక్కుంటే తెలిసిపోయేది
సముద్రం ఇంకెంత దూరమో.

సరుగుడు తోట నీడలో చెప్పులన్నీ ఒక గుట్ట.
దానికి పిల్లల్లో ఒకరు కాపలా.
ఒక ఏడు నా వంతొచ్చింది.
ఏడ్చి ఏడ్చి, ఎర్రపీత ఒకటి
మా అమ్మ చెప్పులో దూరితే నవ్వాను.

అమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టీ పెట్టగానే లాక్కునేది.
సూది గుచ్చుకున్న చోటల్లా ఉప్పు భగ్గుమనేది.
"చూశావా, షావుకారు లాగే లెక్క చూస్తోంది,
ఒక్క కుట్టూ వదలట్లేదు" అనేది.
ఏసుమణి పిన్ని మోకాళ్ళ మీద వంగి
నురుగు అంచుని పరీక్షగా చూసి,
"పనితనం బానే ఉందమ్మా,
చివర ముడెయ్యడమే రాదు దీనికి,
ఎక్కడికక్కడ ఊడిపోతోంది" అనేది.
ఆ మాటకి
పమిటలు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు,
అలొచ్చి పడేసినా నవ్వేవాళ్ళు.
ఈత ఒక్కరికీ రాదు.

ఆ ఏడే షావుకారు ఒక బొమ్మ కార్డు తెచ్చాడు,
మన లేసు కొనే దొరసాని పంపిందని.
అక్కడా సముద్రమే, బూడిద రంగుది.
చారల గుడ్డ కుర్చీల్లో
కోట్లు తొడుక్కుని కూర్చున్నారు మనుషులు.
పిల్లలు గాడిదలెక్కి ఊరేగుతున్నారు.
"దానికి డబ్బులు కూడా ఇస్తారట" అన్నాడు షావుకారు.
"మనకిస్తే మనమే మోద్దుం" అంది నాగరత్నం.

ఒడ్డు నుంచి ఒక ఇనప వంతెన
నీళ్ళలోకి చాలా దూరం వెళ్ళి
ఆగిపోయింది.
"సగంలో డబ్బులైపోయాయేమో పాపం."
"కాదు. కట్టిందే అంతవరకు.
చివరిదాకా నడుస్తారు, టీ తాగుతారు, వెనక్కొచ్చేస్తారు."

ఎవరూ ఏమీ అనలేదు కాసేపు.
ఎక్కడికీ వెళ్ళని వంతెన మీద నడవడానికి
ఎంత తీరిక కావాలో
వేళ్ళ మీద లెక్కేస్తున్నట్టున్నారు.
"ఆ టీ బల్ల మీద పరిచింది మన గుడ్డే అయ్యుంటుంది"
అంది దీవెనమ్మత్త.
కార్డు చేతులు మారింది, తడి అంటింది,
ఎంత దగ్గరగా పెట్టుకుని చూసినా
బల్ల కనపడలేదు.

సాయంత్రం లారీ హారను.
పులిహోర గిన్నెల్లో ఇసక.
సూది ఇంటి దగ్గరే వదిలొచ్చిన అమ్మ
చేతులు ఊరుకోక
నా జడ విప్పి అల్లింది, విప్పి అల్లింది,
ఇల్లొచ్చేదాకా.

మర లేసు ఎప్పుడొచ్చిందో, లారీ ఎప్పుడాగిందో
సరిగ్గా గుర్తులేదు.
ఇదే ఆఖరుసారని ఎవరూ చెప్పరు కదా.

మొన్న ఒక్కదాన్నే వెళ్ళాను, ఆటోలో.
చెప్పుల గుట్ట ఉండే చోట ఇప్పుడు నీళ్ళు.
సరుగుడు మోడు ఒకటి, వేళ్ళు పైకి,
చిక్కుపడ్డ దారంలా.
అమ్మ డబ్బాలో దొరికిన కార్డు
చేతిసంచిలోనే ఉంది, తియ్యలేదు.
దాని మూల మీద
ఎవరిదో బొటనవేలి మరక.

చెప్పులు చేత్తో పట్టుకుని
మోకాలిలోతు దాకా నడిచాను.
అంతవరకే.
వెనక్కొచ్చి
తోపుడుబండి దగ్గర నిలబడి
టీ తాగాను.